లేని కార్డు – ఉన్న దారి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు అందగానే మేము నలుగురం ఫోన్లో కూడబలుక్కున్నాం. నీళ్ల చారు గురించి, ఆదివారం కోడిగుడ్డు గురించి, స్టడీ అవర్‌లో కునికిపాట్ల గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చక్కగా రాస్తూనే ఉన్నారు. అందుకని మేము మా ఉద్యోగాలను నిలబెట్టిన ఒక చిన్న విద్య గురించి రాద్దామని అనుకున్నాం. దాని పేరు వీపీఎన్. అందులోనూ ముఖ్యంగా, కంప్యూటర్‌లో లేని నెట్‌వర్క్ కార్డును ఉన్నట్టుగా తయారు చేసుకోవడం. పేరు వినగానే పేజీ తిప్పేయకండి తమ్ముళ్లూ! పదో తరగతి చదివే వాడికి కూడా అర్థమయ్యేలా చెప్పే పూచీ మాది.

నాలుగు యంత్రాలు, ఒకటే చిక్కు

మేము నలుగురం ఒకే గదిలో పెట్టెలు పెట్టుకుని పెరిగిన వాళ్లం. 2020 మార్చి నాటికి హైదరాబాద్‌లో తలా ఒక మూల చిన్న ఉద్యోగాల్లో ఉన్నాం. ఒకరు ఆసుపత్రి బిల్లులు చూసే చోట, ఒకరు డేటా ఎంట్రీలో, ఒకరు వీడియో ఎడిటింగ్‌లో, ఒకరు ఆఫీసు కంప్యూటర్లు బాగుచేసే విభాగంలో. మార్చి 22న జనతా కర్ఫ్యూ వచ్చింది. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. అప్పటికే మేము ఊళ్లకు చేరుకున్నాం. ఆఫీసులకు తాళాలు పడ్డాయి.

అంతకు ముందు కాల్ సెంటర్ల వంటి సంస్థలు ఉద్యోగుల చేత ఇంటి నుంచి పని చేయించాలంటే టెలికాం శాఖ షరతులు చాలా ఉండేవి. 2020 మార్చి 13న ఆ శాఖ వాటిని సడలించింది. దాంతో అందరూ 'ఇంటి నుంచే పని చేయండి' అన్నారు. అనడం తేలికే. చేయడానికి ఇంట్లో ఏముంది? ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్, దానిలో విండోస్ 7. ఒకరి దగ్గర మూతపడ్డ ఇంటర్నెట్ సెంటర్ నుంచి తెచ్చుకున్న డెస్క్‌టాప్, దానిలో ఉబుంటు లినక్స్. ఎడిటింగ్ చేసే వాడికి ఆఫీసు వాళ్లు ఇచ్చిన మ్యాక్. నాలుగో వాడికి ఆండ్రాయిడ్ ఫోన్ తప్ప మరేమీ లేదు.

మాలో ఒకరి ఆఫీసు నుంచి వచ్చిన మెయిల్‌లో, వీపీఎన్ కలిస్తేనే హాజరు, సోమవారం లోగా కలవకపోతే జీతం లేని సెలవు అని ఉంది. ఇంట్లో అమ్మానాన్నలకు కూలి పనులు ఆగిపోయిన రోజులవి. ఆ నెల ఆ ఇంటికి వచ్చే డబ్బు ఆ ఒక్క జీతమే. ఫోన్‌లో వాడి మాట మాకు ఇప్పటికీ గుర్తే. "నెట్ మంచిగనే వస్తుందిరా. యూట్యూబ్ ఆడుతుంది. ఆఫీసు లోపలికే పోతలేదు."

నెట్ ఉంది, దారి లేదు. ఈ తేడా అర్థమైతే మిగతాదంతా సులువు.

కవరులో కవరు

కంప్యూటర్ బయటి ప్రపంచంతో మాట్లాడాలంటే దానికి ఒక నెట్‌వర్క్ కార్డు కావాలి. వైర్ గుచ్చేది ఒక కార్డు, వైఫై పట్టేది ఒక కార్డు. ఇవి చేత్తో ముట్టుకోగల వస్తువులు. ప్రతి కార్డుకూ ఒక చిరునామా ఉంటుంది. ఆఫీసులోని సర్వర్ మాత్రం 'మా ఆవరణలోని చిరునామా ఉన్న వాళ్లతోనే మాట్లాడతాను' అంటుంది. మన ఇల్లు ఆ ఆవరణలో లేదు కదా!

వీపీఎన్ చేసే పని ఏమిటంటే, ఆపరేటింగ్ సిస్టమ్ లోపల మరో కార్డు ఉన్నట్టు నమ్మిస్తుంది. దానినే వర్చువల్ ఇంటర్‌ఫేస్ అంటారు. దానికి ఆఫీసు ఆవరణలోని చిరునామా ఒకటి ఇస్తుంది. మన ప్రోగ్రాములు ఆ కార్డులో ఉత్తరం వేస్తాయి. అసలు కార్డైతే ఆ ఉత్తరం తీగలోకి వెళ్లేది. ఇక్కడ తీగ లేదు కాబట్టి ఆ ఉత్తరం వీపీఎన్ ప్రోగ్రాం చేతికి వస్తుంది. అది దానికి తాళం వేసి, మరో కవరులో పెట్టి, పైన వీపీఎన్ సర్వర్ చిరునామా రాసి, మన మామూలు వైఫై కార్డు ద్వారా పంపుతుంది. అవతల కవరు విప్పి, తాళం తీసి, లోపలి ఉత్తరాన్ని ఆఫీసులో పంచుతారు. ఇంటి నుంచి వచ్చే ఉత్తరాలు వార్డెన్ సార్ పేరున వచ్చి, లోపలి చిన్న కవరు మీద మన పేరు ఉండేది చూశారా, అలాంటిదే ఇది.

ఈ లేని కార్డుల్లో రెండు రకాలు. టన్ అనేది ఐపీ ఉత్తరాలను మాత్రమే మోస్తుంది. ట్యాప్ అనేది ఈథర్‌నెట్ స్థాయిలో, అంటే ఒకే స్విచ్‌కు గుచ్చిన కంప్యూటర్ల మధ్య నడిచే మాటలను కూడా మోస్తుంది. ఎక్కువ పనులకు టన్ చాలు. ఓపెన్‌వీపీఎన్ అనే ప్రోగ్రాం 2001లో మొదట విడుదలైంది. అది రెండింటినీ వాడుకోగలదు. వైర్‌గార్డ్ అనేది కొత్త తరం. అది ఐపీ ఉత్తరాలే మోస్తుంది. 2020 మార్చి 29న విడుదలైన లినక్స్ 5.6 కెర్నల్‌లో అది భాగమైంది. మేము దారి వెతుక్కుంటున్న ఆ వారంలోనే ఇది జరిగిందని తర్వాత చదివి ఆశ్చర్యపోయాం.

ఎక్కడైనా అడగవలసిన నాలుగు ప్రశ్నలు

నాలుగు యంత్రాలూ నాలుగు రకాల తెరలు చూపిస్తుంటే మొదట కళ్లు తిరిగాయి. ఆఫీసు కంప్యూటర్లు బాగుచేసే మా వాడు ఒక మాట చెప్పాడు. "తెర జూసి భయపడకుర్రి. నాలుగే ప్రశ్నలు. కార్డు పుట్టిందా? దానికి చిరునామా వచ్చిందా? దారి రాసి ఉన్నదా? పేర్లు తెలుస్తున్నయా?" ఆ నాలుగు ప్రశ్నలే మమ్మల్ని గట్టెక్కించాయి. అన్ని సిస్టమ్‌లలోనూ ప్రశ్నలు ఇవే. జవాబు దొరికే చోటు మాత్రం వేరు.

*విండోస్:* ఇక్కడ కార్డు పుట్టాలంటే డ్రైవర్ కావాలి. ఓపెన్‌వీపీఎన్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు ట్యాప్-విండోస్ అనే డ్రైవర్ కూడా ఎక్కుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్లు తెరిస్తే వైఫై పక్కన మరో కార్డు బొమ్మ కనిపించాలి. మా వాడి విండోస్ 7లో అది కనిపించలేదు. డివైస్ మేనేజర్‌లో పసుపు రంగు త్రికోణం, తెరిచి చూస్తే కోడ్ 52. అంటే డ్రైవర్ మీద ఉన్న డిజిటల్ సంతకాన్ని విండోస్ గుర్తించలేకపోతోందని అర్థం. డ్రైవర్లు షా-2 అనే కొత్త పద్ధతి సంతకంతో వస్తున్నాయి. ఏళ్ల తరబడి అప్‌డేట్లు లేని విండోస్ 7కు ఆ పద్ధతి తెలియదు. సంతకం తనిఖీని తీసేసే అడ్డదారి ఒకటి ఉంది గానీ మేము దాని జోలికి పోలేదు. మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన అప్‌డేట్‌ను ఫోన్ హాట్‌స్పాట్ మీద రాత్రంతా దించుకుని ఎక్కించాం. తెల్లవారేసరికి త్రికోణం పోయింది, కార్డు పుట్టింది! సోమవారం గడువుకు ఒక రోజు ముందే హాజరు పడింది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. కాబట్టి ఇప్పుడు ఎవరూ దాన్ని వాడవద్దని మా మనవి. వైర్‌గార్డ్ వాళ్లు విండోస్ కోసం విన్‌టన్ అనే మరో డ్రైవర్ తయారు చేశారు. వైర్‌గార్డ్ ప్రోగ్రాంతో పాటు కావలసిన కార్డు తనంతట తానే వస్తుంది.

*లినక్స్:* ఇక్కడ డ్రైవర్ కోసం తిరగనక్కర లేదు. టన్, ట్యాప్ రెండూ కెర్నల్‌లోనే ఉన్నాయి. ఉబుంటు 20.04లో వైర్‌గార్డ్ కూడా కెర్నల్‌తోనే వచ్చింది. 'ఐపీ' అనే ఒక్క కమాండ్ కుటుంబంతో నాలుగు ప్రశ్నల్లో మూడింటికి జవాబు దొరుకుతుంది. ఐపీ లింక్ అంటే కార్డులు చూపిస్తుంది, ఐపీ అడ్రస్ అంటే చిరునామాలు, ఐపీ రూట్ అంటే దారులు. వైర్‌గార్డ్‌కు ఒక చిన్న ఫైల్ రాసి డబ్ల్యూజీ-క్విక్ అనే కమాండ్ ఇస్తే కార్డు పుట్టడం, చిరునామా పెట్టడం, దారి రాయడం అన్నీ వరసగా జరిగిపోతాయి. మా డెస్క్‌టాప్‌లో అది మధ్యలో ఆగిపోయింది. పేర్లు వెతికే సర్వర్‌ను మార్చడానికి రిజాల్వ్‌కాన్ఫ్ అనే కమాండ్ కావాలట, అది లేదు. ఆ ప్యాకేజీ వేసిన తర్వాత సాఫీగా నడిచింది.

*మ్యాక్:* ఇక్కడ లేని కార్డు పేరు యూటన్. 0, 1, 2 అని వరస సంఖ్యలు సిస్టమే ఇస్తుంది, మనకు నచ్చిన పేరు పెట్టుకోవడం కుదరదు. వీపీఎన్ వేయక ముందే జాబితాలో రెండు మూడు యూటన్‌లు కనిపిస్తే కంగారు పడవద్దు. ఆపిల్ సొంత సేవలు కూడా వాటిని వాడుకుంటాయి. మనది ఏదో తెలియాలంటే చిరునామా చూసి గుర్తుపట్టాలి. యూటన్ ఐపీ ఉత్తరాలే మోస్తుంది. ట్యాప్ కావాలంటే పూర్వం బయటి కెర్నల్ ఎక్స్‌టెన్షన్ వేసేవారు. కొత్త మ్యాక్‌లలో ఆపిల్ వాటిని బాగా కట్టడి చేసింది. అందుకే మా ఎడిటర్ ఆఫీసు వాళ్లు ట్యాప్ మీద నడిపిన పాత పద్ధతిని వదిలి టన్‌కు మారవలసి వచ్చింది.

*ఆండ్రాయిడ్:* ఫోన్‌లో మనం కార్డు తయారు చేయలేం. సిస్టమే తయారు చేసి వీపీఎన్ యాప్ చేతికి ఇస్తుంది. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.0 నుంచి ఈ సౌకర్యం ఉంది, ఫోన్‌ను రూట్ చేయనక్కర లేదు. మొదటిసారి 'ఈ యాప్ వీపీఎన్ పెట్టుకోవచ్చా' అని అడుగుతుంది. ఒప్పుకుంటే పైన తాళంచెవి గుర్తు కనిపిస్తుంది. ఒకేసారి ఒక్క వీపీఎన్ మాత్రమే నడుస్తుంది. ఫోన్ ఒక్కటే ఉన్న మా నాలుగో వాడు దాని మీదే కీబోర్డు గుచ్చుకుని రెండు నెలలు పని చేశాడు. వాడిని చూసి మిగతా ముగ్గురం సణగడం మానేశాం.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నాలుగు చోట్లా కార్డు పుట్టాలంటే అనుమతి కావాలి. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్, లినక్స్‌లో రూట్, మ్యాక్‌లో పాస్‌వర్డ్, ఫోన్‌లో మన ఒప్పుదల. వార్డెన్ సార్ సంతకం లేనిదే గేటు రిజిస్టర్ దాటేవాళ్లం కాదు కదా! కారణం ఉంది. కొత్త కార్డు పుట్టిందంటే ఆ యంత్రంలోని ఉత్తరాలన్నీ దాని మీదుగా మళ్లించవచ్చు. అంత అధికారం ఎవరికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

రెండు రామాపురాలు, లావు కవరు

కార్డు పుట్టి, చిరునామా వచ్చాక కూడా పని సాగని సందర్భాలు మాకు రెండు ఎదురయ్యాయి. ఇవి మీకూ ఎదురవుతాయి కాబట్టి రాస్తున్నాం.

మొదటిది, చిరునామాల గొడవ. ఇళ్లలో, ఆఫీసుల్లో సొంతానికి వాడుకునేందుకు 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి అని మూడు రకాల చిరునామాలను 1996లో ఒక ప్రమాణంగా స్థిరపరిచారు. ఎవరైనా వాడుకోవచ్చు. అందుకే ఇంటి రూటరూ 192.168.1 వరసనే ఇస్తుంది, చిన్న ఆఫీసులోనూ అదే వరస ఉంటుంది. ఒకే మండలంలో రెండు రామాపురాలు ఉంటే ఉత్తరం దగ్గరి రామాపురానికే పోతుంది. కంప్యూటర్ కూడా అంతే, ఆఫీసు ప్రింటర్ కోసం పంపిన మాటను ఇంట్లోనే వెతుకుతుంది. మేము ఇంటి రూటర్‌లో వరసను 192.168.73కు మార్చాం. గొడవ తీరింది. ఎవరూ వాడని సంఖ్య ఏదైనా పెట్టుకోవచ్చు.

రెండవది విచిత్రమైనది. పింగ్ వెళ్తుంది, లాగిన్ పేజీ వస్తుంది, పెద్ద పేజీ తెరవగానే తెల్ల తెర! మామూలు ఈథర్‌నెట్ దారిలో ఒక ఉత్తరం 1500 బైట్ల వరకు ఉండవచ్చు. కవరులో కవరు పెట్టినప్పుడు బరువు పెరుగుతుంది. చిన్న ఉత్తరాలు పోస్టు డబ్బా నోట్లో పడతాయి, లావు కవరు పట్టదు. ఈ పరిమితినే ఎంటీయూ అంటారు. అందుకే వైర్‌గార్డ్ మామూలుగా తన కార్డుకు 1420 పెడుతుంది. కొన్ని మొబైల్ నెట్‌వర్కుల మీద అది కూడా పట్టలేదు. 1280కి తగ్గించగానే తెల్ల తెర పోయింది.

చిక్కు ఎక్కడుందో తెలుసుకునే వరస కూడా చెబుతాం. ముందు వీపీఎన్ సర్వర్ లోపలి చిరునామాకు పింగ్ చేయండి. అది పలికితే కార్డు, చిరునామా బాగున్నాయి. తర్వాత ఆఫీసు లోపలి యంత్రానికి అంకెలతో పింగ్ చేయండి. అది పలక్కపోతే ముందు దారి చూడాలి. విండోస్‌లో రూట్ ప్రింట్, మ్యాక్‌లో నెట్‌స్టాట్ ఆ దారులు చూపిస్తాయి. అంకెలతో పలికి పేరుతో పలక్కపోతే తప్పు డీఎన్ఎస్‌ది, అంటే పేర్ల పట్టికది.

మన సొంత దారి

ఉద్యోగాలు కుదుటపడ్డాక 2021లో మాకు ఒక ఆలోచన వచ్చింది. గ్రూప్స్ పరీక్షలకు, డీఎస్సీకి చదివిన మన వాళ్లు చేత్తో రాసుకున్న నోట్సు కట్టలు కట్టలుగా ఉంది. దాన్ని స్కాన్ చేసి ఆ ఉబుంటు డెస్క్‌టాప్‌లో పెట్టాం. కానీ ఇంటి నెట్ కనెక్షన్‌కు బయటి నుంచి నేరుగా చేరుకునే చిరునామా లేదు. కంపెనీ వాళ్లు ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతారు. అందుకని ఒక చిన్న సర్వర్‌ను నెలవారీ అద్దెకు తీసుకుని దానిలో వైర్‌గార్డ్ పెట్టాం. సర్వర్ 10.8.0.1, పుస్తకాల డెస్క్‌టాప్ 10.8.0.2, ఆపైన ఒక్కో తమ్ముడికి ఒక్కో సంఖ్య. డెస్క్‌టాప్ 25 సెకన్లకోసారి సర్వర్‌కు 'ఉన్నాను' అని కబురు పంపుతూ ఉంటుంది. లేకపోతే మధ్యలోని రూటర్ ఆ దారిని మరచిపోతుంది. 10.8.0 వరసకు వెళ్లే ఉత్తరాలు మాత్రమే ఈ దారిలో పోతాయి. యూట్యూబ్, వాట్సాప్ ఎవరి నెట్‌లో వాళ్లవి. దీనివల్ల చిన్న సర్వరే అందరికీ సరిపోతోంది.

వైర్‌గార్డ్‌లో ప్రతి యంత్రానికి రెండు తాళంచెవులు. ఒకటి అందరికీ ఇచ్చేది, ఒకటి ఎవరికీ ఇవ్వనిది. సర్వర్‌లో 'ఈ చెవి వాడిదే ఈ చిరునామా' అని రాసి ఉంటుంది. ఇంకొకరి సంఖ్యతో ఎవరూ దూరలేరు. పెట్టె తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని తిరిగిన వాళ్లం మనం. ఈ రెండో చెవిని కూడా అలాగే దాచుకోండి, వాట్సాప్‌లో పంపకండి.

కొన్ని జాగ్రత్తలు

ఫోన్‌లో ఉచిత వీపీఎన్ యాప్‌లు కుప్పలుగా కనిపిస్తాయి. పైన చెప్పిన అనుమతి సంగతి గుర్తు తెచ్చుకోండి. మీ ఉత్తరాలన్నీ ఎవరి చేతి మీదుగా పోతున్నాయో తెలియకుండా ఒప్పుకోవద్దు. వీపీఎన్ వేస్తే మాయమైపోతామన్నది కూడా అపోహే. దారి మధ్యలో వాళ్లకు కనిపించదు గానీ అవతల కవరు విప్పేవాడికి కనిపిస్తుంది. మన దేశంలో సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సేవలు అమ్మే వాళ్లు వినియోగదారుల వివరాలను 5 ఏళ్లు, అంతకు మించి ఉంచాలి. ఉద్యోగుల కోసం కంపెనీలు నడుపుకునే వీపీఎన్‌లకు ఇది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. ఇక ఆఫీసు యంత్రంలో ఆఫీసు అనుమతి లేకుండా ఏ కార్డూ పుట్టించకండి.

తమ్ముళ్లకు ఒక మాట

కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కునే స్తోమత ఉన్నవాడికి ఈ విద్య అంతగా అవసరం పడకపోవచ్చు. ఆఫీసు వాళ్లు అన్నీ సర్ది ఇస్తారు. మన చేతికి వచ్చేది ఎప్పుడూ ఎవరో వాడి వదిలేసిన యంత్రమే. ఒకరి దగ్గర ఒకటి ఉంటే మరొకరి దగ్గర మరొకటి. కాబట్టి 'నాకు విండోసే వచ్చు' అని కూర్చుంటే మనకు కుదరదు. లోపల జరిగేది తెలుసుకుంటే ఏ తెర ముందైనా కూర్చోవచ్చు. ఆ నాలుగు ప్రశ్నలను నోట్సు వెనక అట్ట మీద రాసుకోండి.

నోట్సు ఉన్న ఆ డెస్క్‌టాప్ ఇప్పటికీ నడుస్తోంది. సంఖ్యలు 254 దాకా ఉన్నాయి, వాటిలో ఇంకా చాలా ఖాళీగా ఉన్నాయి. పరీక్షలకు చదివే తమ్ముళ్లు ఎవరైనా వార్డెన్ సార్ దగ్గర మా ఫోన్ నంబర్ తీసుకుని అడగవచ్చు. ఏ యంత్రం ఉన్నా ఫరవాలేదు. ఫోన్ ఒక్కటే ఉన్నా సరే, కూర్చుని కలిపి పెడతాం. ఒకే షరతు. మీరు నేర్చుకున్నాక ఇంకొక్కరికి మీరే కలిపి పెట్టాలి.

ఈ ఏడు పరీక్షలు రాసే తమ్ముళ్లందరికీ మా శుభాకాంక్షలు.

ఇట్లు,
మీ అన్నలు,
ఒకే గదిలో పెరిగిన నలుగురు పూర్వ విద్యార్థులు